ప్రార్థన పుస్తకంలో కందిపప్పు

మా ఇంట్లో రెండు పుస్తకాలున్నాయి, ఒకటి దేవునికి, ఒకటి అంగడికి. రెండూ 200 పేజీల లాంగ్ నోటుబుక్కులే, రెండింటికీ అదే నీలం అట్ట. ఒకే రోజు ఒకే అంగట్లో కొన్నాను, ఎందుకంటే మా వీధి అంగడాయన "రెండు తీసుకుంటే పది రూపాయలు తగ్గిస్తా టీచరమ్మా" అన్నాడు. పది తగ్గుతుందంటే నాలుగు కొనకుండా రెండుతో ఆగడమే నాకు గొప్ప నిగ్రహం. ఆ పది రూపాయలే కొంప ముంచాయి.

అసలు ఈ రాత పని భస్మ బుధవారం నాడు, అంటే ఈస్టర్‌కు ముందు లెంట్ అనే ఉపవాస దినాలు మొదలయ్యే రోజున, మొదలైంది. ప్రతి ఏడూ లెంట్ నలభై రోజులూ సీరియళ్లు మానేస్తామని చెప్పడం, రెండో వారానికి "వంట చేస్తూ వింటున్నా, చూడట్లేదు కదా" అనడం మాకు అలవాటే. ఈసారి మా పాస్టరమ్మగారు ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి, మానేసింది చాలు, ఏదైనా చేయండి, ప్రార్థన పుస్తకం పెట్టండి అన్నారు. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని సాకిన జార్జ్ ముల్లర్ ఏ రోజు ఏం అడిగాడో, జవాబు ఎప్పుడొచ్చిందో రాసిపెట్టుకునేవాడట, అలా 50 వేల జవాబులు వచ్చాయని చెప్పుకున్నాడట. 1822లో మన కడపకొచ్చిన లండన్ మిషన్ దొరలు కూడా ఇక్కడి సంగతులన్నీ రాసి లండన్‌కు పంపిన వాళ్లే కదా అన్నారు. ఇక మెథడిస్టు సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ అయితే రెండు రాసేవాడట, అచ్చు వేయించడానికి ఒకటి, తనకోసం ఒకటి. ఆ రెండోది ఎవరికీ అర్థం కాకుండా సంకేత లిపిలో.

"దేవునితో మాట్లాడేదానికి దాపరికం ఏందమ్మా" అని వెనక నుంచి ఎవరో అంటే అందరం నవ్వాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

పేజీకి మూడు గళ్లు గీశాను: తేదీ, మనవి, జవాబు. గీస్తున్నప్పుడే ఈ గీతలు ఎక్కడో చూశాననిపించింది కానీ పట్టించుకోలేదు. మొదటి రోజు "పరిశుద్ధుడవగు తండ్రీ, నీ దాసురాలనగు నేను నీ పాదసన్నిధికి వచ్చియున్నాను" అని ఒక పేజీ నిండా రాశాను, మా తాత వచ్చి రాసినట్టుంది. మూడో రోజుకు దాసురాలు పోయి నేను వచ్చాను. నాలుగో రోజు, అంటే 8వ తేదీన, పాటల ప్రాక్టీసు నుంచి వచ్చి రాసింది ఇది: "ప్రభువా, నా పక్కన నిలబడే అక్కకు శ్రుతి దయచేయుము, లేదంటే నాకు చెవుడు దయచేయుము." 9వ తేదీ ఆదివారం: "ప్రసంగం గంటా పది నిమిషాలు. ఓర్పు." అంతే, అదే మనవి. మా ఆయన ఫోన్ గురించి రాసినవి ఇక్కడ చెప్పను.

బైబిల్లోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున తేదీని బట్టి చదవడం చాలామందికి అలవాటు. అలా 11వ తేదీన తెల్లవారుజామున లేచి పదకొండో అధ్యాయం తీస్తే మొదటి వచనమే "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని ఉంది. చదివాను, టీ పెట్టుకున్నాను, ముందురోజు సాయంత్రం చిన్నోడు అంగడి నుంచి తెచ్చిన కందిపప్పు డబ్బాలో పోయబోయాను, చేతికి తేలిగ్గా తగిలింది. క్రిస్మస్ కేకు కోసం కొన్న బుల్లి తూకం మిషన్ ఉంది కదా అని పెట్టి చూస్తే 850 గ్రాములు! వాక్యం చదివి పది నిమిషాలు కాలేదు, అంత స్పష్టంగా దేవుడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదనుకున్నాను.

వెంటనే రాశాను. "ప్రభువా, మా అంగడాయన కేజీకి 150 గ్రాములు కొడుతున్నాడు. పదేళ్లుగా కొంటున్నాం. అతని మనసు మార్చుము. అతని మీద కోపం రాకుండా నన్ను కాపాడుము. వచ్చేసింది." కింద లెక్క కూడా వేశాను, నెలకు రెండు కేజీలు, అంటే 300 గ్రాములు, పదేళ్లకు 36 కేజీలు. ఆ 36 చుట్టూ సున్నా కూడా చుట్టాను.

మర్నాడు నేను బడి నుంచి రాకముందే చక్కెర అయిపోయింది. అత్తమ్మ ఫ్రిజ్జు మీదున్న నీలం అట్ట పుస్తకం తీసి చిన్నోడి చేతికిచ్చి అంగడికి తోలింది. రెండో నీలం పుస్తకం బియ్యం డ్రమ్ము వెనక పడి ఉందని తర్వాత తెలిసింది.

రాత్రి రాసుకుందామని తెరిస్తే అక్కడ ఉంది. తేదీ గడిలో: 12. మనవి గడిలో: చక్కెర 1 కేజీ, శనగనూనె 1 లీటరు, చింతపండు పావు. జవాబు గడిలో: 275. ఎంత చక్కగా కుదిరిందంటే, ఒక క్షణం నాకు తేడానే తెలియలేదు. తర్వాత కళ్లు పై లైనుకు పోయాయి. 11వ తేదీ మనవికి ఎదురుగా నేను ఖాళీగా వదిలిన జవాబు గడిలో ఎర్ర ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, "రేపు తూకం వేసి చూపించబడును."

వెస్లీ గారికి క్షమాపణ చెప్పుకున్నాను. దావీదు మహారాజు శత్రువుల పళ్లు విరగ్గొట్టమని కీర్తన రాశాడే, నేను పప్పు గురించే కదా రాసింది అని కూడా ఒకసారి అనుకున్నాను, కానీ దావీదు శత్రువు దగ్గర ఖాతా పెట్టలేదు, నెలాఖరు దాకా అప్పు తేలేదు.

పోకుండా ఎలా ఉంటాను? ఉన్నది ఒక్క అంగడి, పైగా పాలపొడి కావాలి. సాయంత్రం అరడజను మంది నిలబడి ఉన్నప్పుడే వెళ్లాల్సి వచ్చింది. తిడతాడేమో అనుకున్నా. తిట్టలేదు, అంతకన్నా ఘోరంగా మర్యాద చేశాడు. "రాండి టీచరమ్మా" అని మిషన్‌ను నా వైపు తిప్పాడు. "సున్నా కనపడతాందా? చూసుకోండి. ఇదో, తూనికలు కొలతల వాళ్లు ఏటా వేసే ముద్ర, ఈ ఏడాదిది. ఇప్పుడు ఖాళీ కవరు పెడతాండా. కవరు తూకం తీసేసినా." కందిపప్పు పోశాడు. కేజీ మీద ఐదు గ్రాములు. రెండు గింజలు తీశాడు, మళ్లీ వేశాడు. పాలపొడి ప్యాకెట్టు, దాని మీద తూకం అచ్చు వేసే ఉంది, అయినా మిషన్ మీద పెట్టాడు. కొత్తిమీర కట్ట పెట్టాడు. అగ్గిపెట్టె పెట్టాడు. నా వెనక ఒక పెద్దాయన "నేను బీడీకట్టకు వచ్చినోణ్ణి, నాకూ ఇదేనా కత" అన్నాడు.

అందరూ పోయాక గొంతు తగ్గించి, "ఆ 36 తప్పు టీచరమ్మా" అన్నాడు. "మీరు మా వీధికి వచ్చి ఆరేళ్లే. మీ లెక్క ప్రకారమే అయినా 21 కేజీల 600 గ్రాములు." నేను పిల్లలకు చెప్పేది లెక్కలు, అందుకే ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. అతను తల గోక్కుంటూ, "మా పాప ఇంటర్ పరీక్షలు రాస్తాంది. ఫిజిక్సంటే వణుకు. మీ పుస్తకంలో ఒక లైను రాసుకోండి. ఆ పాటలక్క లైను కింద ఖాళీ ఉండాది" అన్నాడు. అంటే మొదటి పేజీ నుంచి అన్నీ చదివాడు! మా ఆయన ఫోన్ సంగతులు కూడా!

ఇంటికొచ్చి కొత్త కందిపప్పు నా మిషన్ మీద పెట్టాను, సరిగ్గా అంతే ఉంది. మిషన్‌లో తప్పు లేదు. అలాగే కట్టి గూట్లో పెట్టాను. పొద్దున లేచి చూస్తే 840. ఎలుకలు కవరు కొరక్కుండా పప్పు తీసి మళ్లీ ముడి వేసుకోవు, అదీ రెండు ముళ్లు. మా ఇంట్లో రెండు ముళ్లు వేసేది ఒక్కరే.

అత్తమ్మ ఏమీ దాచలేదు. దాయాల్సిన పని అని ఆమెకు తోచనే లేదు. "ఒక గ్లాసే కదమ్మే. మన పక్కింటి పిల్లోడు రోజూ బస్సుకు ప్రొద్దుటూరు పోతాడు కదా, నా కూతురికి పంపిస్తాండా. ఈ పప్పు రుచి ఆడ దొరకదంట." ప్రొద్దుటూరులో వీధి పొడవునా బంగారం అంగళ్లు, దొరకనిది కందిపప్పు! ఇది కూడా రాసుకోవాలి, కానీ ఎవరి పేరు మీద రాయాలో తెలియక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి "నా నోటికి కావలియుంచుము" అన్న కీర్తన మాట ఒక్కటే రాసి ఊరుకున్నాను.

ఆ రాత్రే నిద్రమత్తులో అంగడాయన పాప ఫిజిక్స్ సంగతి కూడా రాశాను. ఏ పుస్తకంలో రాశానో మీరు ఊహించే ఉంటారు. నెలాఖరుకు అంగడాయన ఖాతా కూడుతూ, ఉప్మారవ్వకూ సబ్బులకూ మధ్య ఆ లైను దగ్గర ఆగి రెండుసార్లు చదువుకున్నాడు. నా వైపు చూడలేదు. దాన్ని మొత్తంలో కలపకుండా, ఎదురుగా "చెల్లు" అని రాసి కిందికి పోయాడు.

ఇప్పుడు మా చీటీలో కందిపప్పు కేజీ అని రాయడం మానేశాను. కేజీ, విడిగా ఒక గ్లాసు అని రాస్తున్నాను. ఆ గ్లాసుది అతను వేరే కవరులో కట్టి, పైన ఎర్ర ఇంకుతో "ప్రొద్దుటూరు" అని రాసి ఇస్తున్నాడు.