సీడెడ్ అన్న మాటకు అర్థం తెలిసినవాళ్లం, ఉక్రెయిన్‌ను భూమి ఇచ్చేయమనగలమా?

సినిమా విడుదలైన మర్నాడు తిరుపతిలోనైనా, మదనపల్లెలోనైనా వినిపించే ప్రశ్న ఒకటే: సీడెడ్‌లో ఎంత వసూలైంది? నైజాం, ఉత్తరాంధ్ర, సీడెడ్ అని సినిమావాళ్లు లెక్కలు రాసుకుంటారు. ఆ మాటకు ‘అప్పగించేసినవి’ అని అర్థం. 1800 అక్టోబరు 12న నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుని, మైసూరు యుద్ధాల తర్వాత 1792లో, 1799లో తన వాటాకు వచ్చిన సీమ ప్రాంతాలను ధారాదత్తం చేశాడు. తన రక్షణకు ఉండే కంపెనీ పటాలాల ఖర్చు కింద చెల్లు వేశాడు. మదనపల్లె, వాయల్పాడు వైపు ఆ లెక్కలో పోయినవే. చంద్రగిరి, చిత్తూరు ఆ మరుసటి ఏడాది ఆర్కాటు నవాబు చేతిలోంచి కంపెనీకి వెళ్లాయి. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పేరు తిరుమలలో మన్రో గంగాళంగా ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ‘దత్త’ అన్న పేరును వదిలించుకుని రాయలసీమ అని పిలుచుకోవడానికి మాత్రం 1928 నంద్యాల సభల దాకా ఆగాల్సి వచ్చింది.

నిజాం కథ దురాక్రమణ కథ కాదు. దాన్ని తెచ్చి ఉక్రెయిన్‌కు అతికించడం సరికాదు. ఒక్క విషయంలో మాత్రం రెండూ కలుస్తాయి. సంతకాలు ఒకచోట జరుగుతాయి, ఆ సంతకాల కింద బతకాల్సినవాళ్లు మరోచోట ఉంటారు. ‘కొంత భూమి పోతే పోయింది, యుద్ధం ఆగితే చాలు’ అనే సలహా మన టీవీ చర్చల్లోనూ, టీ అంగళ్ల దగ్గరా తేలిగ్గా వినిపిస్తోంది. ఆ ‘కొంత భూమి’ అంటే ఏమిటో దగ్గరగా చూడాలి.

2025 నవంబరులో బయటికొచ్చిన 28 అంశాల అమెరికా ప్రణాళికలో అసలు మెలిక తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతం దగ్గరుంది. ఆ ప్రాంతంలో తన చేతిలో మిగిలిన భాగం నుంచి కూడా ఉక్రెయిన్ సైన్యం వైదొలగాలన్నారు. సైన్యం సంఖ్య 6 లక్షలు దాటకూడదన్నారు. రష్యా యుద్ధంలో గెలుచుకోలేకపోయిన చోటును కాగితం మీద ఇమ్మని అడగడమే ఇది.

ఆ చోటు ఏదో బీడు కాదు. ఉత్తరాన స్లొవ్యాన్స్క్, దాని కింద క్రమతోర్స్క్, ద్రుజ్‌కివ్కా, కొస్త్యాంతినివ్కా. సుమారు 50 కిలోమీటర్ల పొడవునా ఒకదాని వెంట ఒకటి, ఒకే రహదారి మీద దండలో పూసల్లా ఉన్న పట్టణాలు. యుద్ధానికి ముందు ఒక్క క్రమతోర్స్క్‌లోనే లక్షన్నర మంది, స్లొవ్యాన్స్క్‌లో లక్ష పైచిలుకు ఉండేవాళ్లు. 2014 జులైలో రష్యా అండ ఉన్న వేర్పాటువాదుల నుంచి ఈ పట్టణాలను తిరిగి చేజిక్కించుకున్నప్పటి నుంచి ఉక్రెయిన్ ఇక్కడ కోట కడుతూనే ఉంది. మన చంద్రగిరి కోటలా రాతి గోడలుండవు. ట్యాంకు దిగితే ఎక్కిరాలేని కందకం, దాని వెనుక వరుసలుగా కాంక్రీటు పిరమిడ్లు, వాటి మధ్య ముళ్లతీగ, మందుపాతరలు, ఆ తర్వాత సైనికులు నక్కే గోతులు, పైన డ్రోన్లను అడ్డుకోవడానికి రోడ్ల మీద కట్టిన వలలు. కర్మాగారాల నేలమాళిగలు, అపార్టుమెంట్ల సెల్లార్లు కూడా ఈ రక్షణలో భాగమే.

ఇలాంటి చోట యుద్ధం ఎంత నెమ్మదిగా నడుస్తుందో బఖ్‌ముత్ చూపించింది. యుద్ధానికి ముందు 70 వేల జనాభా ఉన్న పట్టణం అది. దాన్ని పట్టుకోవడానికి రష్యాకు 2022 ఆగస్టు నుంచి 2023 మే దాకా పట్టింది. అక్కడ తన మనుషులు 20 వేల మంది చనిపోయారని రష్యా తరఫున పోరాడిన కిరాయి సైన్యం వాగ్నర్ అధిపతి ప్రిగోజిన్ స్వయంగా చెప్పాడు. ఈ పట్టణాల వరుసను బలంతో తీసుకోవాలంటే ఎన్ని ఏళ్లు, ఎంత రక్తం కావాలో మాస్కోకు బాగా తెలుసు. అందుకే చర్చల బల్ల మీద అడుగుతోంది.

వరుసకు పడమర ఏముంది? ద్నిప్రో నది దాకా దాదాపు చదును నేల, గోధుమ, పొద్దుతిరుగుడు పొలాలు. ఉత్తరాన ఇజ్యూం, ఆపైన ఖార్కివ్. పట్టణాలను వదిలి వెనక్కి తగ్గితే మైదానంలో కొత్త రేఖ కట్టుకోవాలి. దానికి తవ్వే యంత్రాలు, వేల టన్నుల కాంక్రీటు, అన్నిటికన్నా ముందు సమయం కావాలి. ఇప్పుడు ముందువరుసకు ఇరవై కిలోమీటర్ల లోపల పొక్లెయిన్ బయటికొస్తే డ్రోన్ వెతుక్కుంటూ వస్తుంది. పదేళ్లకు పైగా కట్టిన కోటను ఇచ్చేసి, రెండో దాడిని చదును నేల మీద ఎదుర్కోమని చెప్పడాన్ని శాంతి సలహా అనలేం.

రెండో దాడి వస్తుందని ఎందుకు అనుకోవాలి? ఒకసారి వచ్చింది కాబట్టి. 2015 ఫిబ్రవరి 12న తూర్పు ఉక్రెయిన్‌లో 2014లో మొదలైన పోరును ఆపడానికి మిన్‌స్క్‌లో 13 అంశాల ఒప్పందం కుదిరింది. 15వ తేదీ అర్ధరాత్రి నుంచి కాల్పులు ఆగాలి. 18వ తేదీకి రష్యా వైపు బలగాలు దెబాల్‌త్సెవె అనే రైల్వే కూడలిని పట్టేసుకున్నాయి. ఒప్పందంలో వివరాలకు కొదవ లేదు. 100 మిల్లీమీటర్లకు పైబడిన ఫిరంగుల మధ్య 50 కిలోమీటర్ల ఎడం ఉండాలి, రాకెట్ లాంచర్ల మధ్య 70 కిలోమీటర్లు. లేనిది ఒక్కటే, ఉల్లంఘిస్తే ఏమవుతుందన్న మాట. కాపలా ఉన్న యూరప్ భద్రతా సంస్థ ఓఎస్‌సీఈ పరిశీలకుల చేతిలో ఆయుధం లేదు. వాళ్లు ఉల్లంఘనలను లెక్కపెట్టి నివేదికలు రాశారు. ఏడేళ్లు రాస్తూ పోయారు. 2022 ఫిబ్రవరి 24న అసలు దండయాత్ర వచ్చింది.

అంతకుముందు 1994 డిసెంబరు 5 నాటి బుడాపెస్ట్ పత్రం ఉంది. ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధాల నిల్వను ఉక్రెయిన్ వదులుకుంటే, దాని సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్‌తో పాటు రష్యా కూడా సంతకం చేసింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే క్రిమియా పోయింది. చెకొస్లొవేకియాలోని సుడేటన్ ప్రాంతాన్ని హిట్లర్‌కు ఇచ్చేసిన 1938 మ్యూనిక్ ఒప్పందం సంగతి చాలామంది ఎత్తుతారు. అందులో తరచూ మరిచిపోయే భాగం ఒకటుంది. చెకొస్లొవేకియా కొండల్లో కట్టుకున్న కోటల వరుస సుడేటన్ ప్రాంతంలోనే ఉండేది. భూమితో పాటు అదీ పోయింది. ఆర్నెల్లలో, 1939 మార్చి 15న, మిగిలిన దేశంలోకి జర్మన్ సైన్యం నడిచి వచ్చింది.

‘చావులు ఆగాలి కదా’ అనేవాళ్ల ఆవేదన నిజమైనది, దాన్ని తోసిపుచ్చకూడదు. కానీ కాల్పులు ఆగినంత మాత్రాన ఆక్రమిత ప్రాంతంలో చావులు ఆగవు. బుచాలో వందల శవాలు దొరికింది 2022 మార్చి చివర రష్యా సైన్యం వెళ్లిపోయాకే. వాళ్లలో చాలామంది ఊరు ఆక్రమణలో ఉండగా వీధుల్లో, పెరళ్లలో చనిపోయారు. ఖెర్సన్ నగరం ఆ నవంబరు 11న విముక్తి అయ్యాక చిత్రహింసల గదులు బయటపడ్డాయి. పిల్లలను తరలించుకుపోయిన ఆరోపణపై 2023 మార్చి 17న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పుతిన్ మీద అరెస్టు వారెంటు జారీ చేసింది. అలా తీసుకుపోయారని ఉక్రెయిన్ గుర్తించిన పిల్లలు 19 వేలకు పైనే. క్రమతోర్స్క్‌లో ఇంకా ఉంటున్నవాళ్లకు భూమి ఇచ్చేయడమంటే ఇదే: రష్యా పాస్‌పోర్టు తీసుకో, లేదంటే ఇల్లు వదిలిపో.

సరిహద్దులు ఎప్పటికీ మారకూడదని ఎవరూ అనడం లేదు. మన చిత్తూరు జిల్లాలోనే మారాయి. మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మీద, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, ఏ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎక్కువో చూసి, పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇప్పటికీ కొందరికి మనసు నొచ్చే ఉండొచ్చు, కానీ ఎవరి ఇంటి ముందూ ట్యాంకు నిలబడలేదు. అదంతా ఒకే దేశంలో జరిగింది. మరో దేశానికి భూమి ఇవ్వాలంటే మన చట్టమే ఎంత గట్టిగా ఉందో బెరుబారి కేసు చెబుతుంది. నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ 1958లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం బెంగాల్‌లో బెరుబారి అనే చిన్న యూనియన్‌ను, అంటే కొన్ని ఊళ్ల సముదాయాన్ని, పంచుకోవాల్సి వస్తే, రాజ్యాంగ సవరణ లేకుండా కుదరదని సుప్రీంకోర్టు 1960లో తేల్చింది. 2015లో బంగ్లాదేశ్‌తో 111కు 51 ఎన్‌క్లేవులు (చుట్టూ అవతలి దేశమే ఉన్న భూభాగాలు) మార్చుకున్నప్పుడు 100వ సవరణ కావాల్సి వచ్చింది. ఏ పౌరసత్వం కావాలో అక్కడివాళ్లనే అడిగారు. ఉక్రెయిన్ రాజ్యాంగం 73వ అధికరణం ఇంకా కఠినం. భూభాగం మార్పును దేశవ్యాప్త ప్రజాభిప్రాయ సేకరణే నిర్ణయించాలి. సంతకం చెయ్యి అని అధ్యక్షుడి మీద ఒత్తిడి తెచ్చేవాళ్లు అతనికి లేని అధికారాన్ని వాడమంటున్నారు.

ఫిన్లండ్ ఇచ్చింది కదా అని ఒక వాదన. అది గట్టి వాదనే. 1940 మార్చిలో మాస్కో ఒప్పందంతో పదో వంతు భూభాగం పోగొట్టుకుంది, 4 లక్షల మంది ఇళ్లు విడిచి ఇవతలికి వచ్చారు, దేశం మాత్రం నిలిచింది. నిలిచింది ఎందుకంటే, ముందు మూడున్నర నెలలు పోరాడి ఆక్రమణ ఎంత ఖరీదో సోవియట్లకు తెలియజెప్పింది, తన సైన్యాన్ని తన దగ్గరే ఉంచుకుంది. పోరాడకుండా సోవియట్ స్థావరాలకు ఒప్పుకున్న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా 1940 జూన్, ఆగస్టు మధ్యనే మాయమయ్యాయి. ఆ ఆక్రమణను అమెరికా యాభై ఏళ్లు గుర్తించలేదు. 1991లో ఆ దేశాలు తిరిగి లేచినప్పుడు ఆ గుర్తించకపోవడమే అక్కరకొచ్చింది. కొరియాలో 1953లో గీసింది కాల్పుల విరమణ రేఖ మాత్రమే. అవతలి నేల నీదని దక్షిణ కొరియా రాసివ్వలేదు. ఉన్నచోట ఆగడం వేరు, ఇచ్చేయడం వేరు. ఉన్నచోట ఆగడానికి ఉక్రెయిన్ ఎప్పుడో ఒప్పుకుంది.

అప్పుడు సాయం అంటే ఏమిటి? ముందు ఫిరంగి గుండు. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి సుమారు 45 కిలోలు, మన బియ్యం బస్తా కంటే కాస్త తక్కువ. ఉక్కు తొడుగును ఎర్రగా కాల్చి ఒత్తి చేయడం కష్టం కాదు, లోపల నింపే పేలుడు పదార్థం, వెనుక నుంచి తోసే మందు దగ్గరే పని ఆగుతుంది. ఆ మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. జిన్నింగ్ మిల్లులో పింజ తీశాక పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగునే దానికి వాడతారు, లింటర్లంటారు. ఆదోని మిల్లులవాళ్లకు చెప్పనక్కర్లేదు. దాన్ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెట్టి, ఆమ్లం ఆనవాలు లేకుండా పదేపదే కడగాలి. సరిగ్గా కడగకపోతే నిల్వలోనే చెడిపోయి అంటుకుంటుంది. లింటర్ల కోసం యూరప్ చాలావరకు చైనా మీద ఆధారపడింది. 2024 మార్చి నాటికి పది లక్షల గుండ్లిస్తామన్న యూరోపియన్ యూనియన్ అప్పటికి సగమే ఇవ్వగలిగింది. అదే సమయంలో అమెరికా కాంగ్రెస్‌లో సాయం నెలల తరబడి ఆగింది. రష్యా అయిదు గుండ్లు పేలిస్తే ఉక్రెయిన్ ఒకటి పేల్చే స్థితి వచ్చింది, ఫిబ్రవరి 17న అవ్‌దియివ్కా పట్టణం పోయింది. ఏప్రిల్ 24న 61 బిలియన్ డాలర్ల బిల్లు చట్టమైంది. ఆలస్యానికి ధర ఊళ్ల రూపంలో కట్టారు.

ఆకాశం నుంచి వచ్చేవాటికి వేరే లెక్క. బాలిస్టిక్ క్షిపణిని ఆపగల పేట్రియాట్ క్షిపణి ఒక్కోటి దాదాపు 40 లక్షల డాలర్లు. రష్యా వదిలే షాహెద్ డ్రోన్ పదుల వేల డాలర్లలోనే తయారవుతుంది. దాని మీద పేట్రియాట్ వాడితే డబ్బు కాదు, నిల్వ అయిపోతుంది. అందుకే ఉక్రెయిన్ కొన్ని వేల డాలర్లలో చేసుకునే ఇంటర్‌సెప్టర్ డ్రోన్లను వాడుతోంది. వాటి మోటార్లకు, బ్యాటరీలకు నిధులివ్వడం ఇవాళ అన్నిటికన్నా చవకైన సాయం. కరెంటుదీ అదే కథ. 2022 అక్టోబరు 10 నుంచి రష్యా సబ్‌స్టేషన్లను వరసగా కొడుతోంది. 330 కిలోవోల్టుల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరిస్తే చేతికి రావడానికి ఏడాదికి పైనే. పైగా రోడ్డు, రైలు వంతెన దాని బరువు మోయాలి.

సాయం ఫలితం చూడాలంటే మన వంటింట్లో చూడొచ్చు. వేరుశనగ పండించే చిత్తూరులోనూ పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు లేని ఇల్లు అరుదు. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో సింహభాగం ఉక్రెయిన్‌దే. 2022లో ఓడరేవులు మూసుకుపోగానే ధర ఎగబాకింది. ఆ జులైలో కుదిరిన ధాన్యం ఒప్పందం నుంచి రష్యా ఏడాదికే, 2023 జులై 17న తప్పుకుంది. దాన్ని బతిమాలి మళ్లీ ఒప్పించడం వల్ల ఓడలు కదల్లేదు. పెద్ద నౌకాదళం లేని ఉక్రెయిన్ క్షిపణులతో, సముద్ర డ్రోన్లతో నల్లసముద్ర నౌకాదళాన్ని పడమటి జలాల నుంచి తరిమింది. ఆ ఆగస్టు నుంచే ఒడెస్సా ఓడలు తీరం వెంబడి సొంత దారిలో నడిచాయి.

భారత్ సంగతి. 2022 అక్టోబరు 12న ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలను రష్యా కలిపేసుకోవడాన్ని ఐక్యరాజ్య సమితి ఖండించినప్పుడు 143 దేశాలు అవునన్నాయి, మనం 35 తటస్థ దేశాల్లో నిలిచాం. యుద్ధానికి ముందు నామమాత్రంగా ఉన్న రష్యా చమురు మన దిగుమతుల్లో మూడో వంతు దాటింది. ఢిల్లీకి తన లెక్కలున్నాయి, అవి రాత్రికి రాత్రి మారవు. కానీ 1962 నవంబరు 14న చైనా చేతిలోని నేలను వదులుకోబోమని పార్లమెంటులో తీర్మానించిన దేశం మరో దేశాన్ని వదులుకో అనే జాబితాలో చేరకూడదు. 2024 ఆగస్టులో కీవ్‌కు నాలుగు భీష్మ్ వైద్య కిట్లు ఇచ్చాం. ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే కంపెనీలు మన దగ్గర ఉన్నాయి, మందుపాతరలు తీసే అనుభవం మన సైన్యానికి ఉంది. ఇవేవీ మాస్కో మీద తుపాకీ ఎత్తడం కాదు. ఇక చర్చల గురించి మాట్లాడేటప్పుడు ఢిల్లీ మూడు మాటలు పట్టుకోవాలి: కాల్పులు ఉన్నచోట ఆగాలి, బలంతో తీసుకున్న నేలకు గుర్తింపు ఉండకూడదు, క్రమతోర్స్క్ నుంచి ఉక్రెయిన్ సైనికులు వెళ్లిపోవాలన్న షరతు ఏ కాగితంలోనూ ఉండకూడదు.