ఆవకాయ పోయిన ఆదివారం

మా ఇంట్లో ఎవరైనా, ఏ సందర్భంలోనైనా "ఇరవై ఎనిమిది" అంటే చాలు, ఇంకెవరో ఒకరు "మూడు" అంటారు. పిల్లల లెక్కల హోంవర్క్ దగ్గరా అంతే, కిరాణా బిల్లు దగ్గరా అంతే. అప్పుడు మా ఆవిడ నా వైపు చూస్తుంది. నేను కిటికీ వైపు చూస్తాను.

ఈ జబ్బు మాకు 2017 ఫిబ్రవరి 5న అంటుకుంది. ఆ ఆదివారం హ్యూస్టన్‌లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. మా అట్లాంటా ఫాల్కన్స్‌కీ, న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియట్స్‌కీ పోటీ. 'మా' అనడానికి నాకున్న హక్కల్లా అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో ఏడాదిన్నర కిందట ఇల్లు కొనడమే. ఆట గురించి నాకు తెలిసినదంతా ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర విన్నది. కానీ జనవరి 22న మావాళ్ళు గ్రీన్ బే ప్యాకర్స్‌ని 44-21తో చితక్కొట్టి ఫైనల్‌కి వచ్చాక ఊళ్ళో ఎక్కడ చూసినా ఎరుపూ నలుపూ జెండాలే. 1966లో మొదటిసారి బరిలోకి దిగిన జట్టు, ఒక్కసారీ కప్పు ఎత్తలేదు. అవతల ప్యాట్రియట్స్‌కి అప్పటికే నాలుగున్నాయి. నాకు జాలి, పౌరుషం కలిపి వచ్చేశాయి. వెంటనే ఎర్ర టీషర్టు కొన్నాను.

ఇక్కడ మా తోడల్లుడి సంగతి చెప్పాలి. ఆయన బోస్టన్ దగ్గర ష్రూస్‌బరీలో ఉంటారు, కాబట్టి ప్యాట్రియట్స్ మనిషి. పెద్దల్లుడు కూడా. తెనాలిలో మా అత్తారింట్లో పెద్దల్లుడికీ చిన్నల్లుడికీ తేడా ఏమీ ఉండదని అందరూ అంటారు. నిజమే, పెరుగు ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి వడ్డిస్తారు. మీగడ ఉన్న వైపు ఆయన కూర్చుంటారు.

ఆ జనవరిలో తెలిసినవాళ్ళెవరో అట్లాంటా వస్తుంటే మా అత్తగారు రెండు డబ్బాల ఆవకాయ పంపారు. చెరో రెండు కిలోలు. మూడేసి పాలిథిన్ కవర్లు, పైన బ్రౌన్ టేపు, ఆ పైన మార్కర్‌తో ఒకదాని మీద 'పెద్దమ్మాయి', ఇంకోదాని మీద 'చిన్నమ్మాయి'. పెద్దమ్మాయి డబ్బాని బోస్టన్‌కి పార్సిల్ చేసే బాధ్యత నాది. 'ఈ శనివారం తప్పకుండా' అనుకుంటూ మూడు శనివారాలు గడిపాను. అలా సూపర్ బౌల్ నాటికి రెండు డబ్బాలూ మా వంటింటి అరలో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి.

సాయంత్రం ఆరున్నరకి ఆట మొదలు. మా ఇంట్లో మూడు తెలుగు కుటుంబాలు, రెండు వాయిల మిరపకాయ బజ్జీలు, పక్కింటి పెద్దాయన. ఆయన అట్లాంటాలోనే పుట్టి పెరిగిన అమెరికన్. రెండో క్వార్టర్‌లో మావాళ్ళు ఒకటి తర్వాత ఒకటి టచ్‌డౌన్లు కొట్టారు (బంతితో అవతలివాళ్ళ గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు; దానిమీద ఒక కిక్కుకి ఇంకోటి). మూడోదైతే కళ్ళపండగ. ప్యాట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, టామ్ బ్రేడీ విసిరిన బంతిని మా రాబర్ట్ ఆల్ఫర్డ్ మధ్యలో లాక్కుని 82 గజాలు పరిగెత్తాడు. 39 ఏళ్ళ బ్రేడీ అడ్డం పడి ఆపబోయి, చేతికి గాలి తప్ప ఏమీ దొరక్క, నేల మీద మోకాళ్ళతో మిగిలిపోయాడు. 21-0. విరామానికి ముందు వాళ్ళు ఎలాగో బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్ని, ఒక ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తెచ్చుకున్నారు. ఆ మూడుని మేమెవరం పట్టించుకోలేదు. విరామంలో పాటలు పాడడానికి గాయని లేడీ గాగా స్టేడియం పైకప్పు నుంచి తాళ్ళతో దిగుతుంటే బజ్జీలు మూడో వాయికి వెళ్ళాయి.

మూడో క్వార్టర్‌లో ఇంకో టచ్‌డౌన్. 28-3.

పక్కింటి పెద్దాయన మాత్రం సోఫా అంచు మీదే కూర్చున్నాడు. "సంతోషంగా లేదా?" అనడిగాను. "ఈ జట్టుని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను" అన్నాడు. అంతే. ఆ మాటలోని బరువు నాకు ఆ పూట అర్థం కాలేదు. నేను బోస్టన్‌కి వీడియో కాల్ కలుపుతున్నాను.

"అన్నయ్యగారూ, టీవీ ఉంచారా, కట్టేశారా?"

"ఉంచాం తమ్ముడూ. ఇంకా చాలా టైముందిగా."

"టైమేమిటండీ, ఇరవై అయిదు పాయింట్లు! సూపర్ బౌల్ చరిత్రలో పది పాయింట్లకి మించి వెనకబడి గెలిచినవాళ్ళే లేరు." ఇది కాఫీ మిషన్ దగ్గర సంపాదించిన జ్ఞానం. అక్షరాలా నిజం కూడా.

"అలాగా" అన్నారాయన, చాలా మర్యాదగా. ఆ మర్యాదే నన్ను రెచ్చగొట్టింది. మీగడ గుర్తొచ్చింది.

"పందెం కాద్దామా? మావాళ్ళు గెలిస్తే మీ ఆవకాయ డబ్బా నాది. మీవాళ్ళు గెలిస్తే మీదీ, మాదీ, రెండూ బోస్టన్‌కే."

వెనకనుంచి మా ఆవిడ "ఏవండీ" అంది. సాగదీయకుండా, పొట్టిగా. పెళ్ళయిన ప్రతి మగాడికీ ఆ పొట్టి 'ఏవండీ' అర్థం తెలుసు. నాకూ తెలుసు. కానీ చుట్టూ పదిమంది ఉన్నారు, టీవీలో 28-3 ఉంది.

"సరే తమ్ముడూ, నీ ఇష్టం" అన్నారు అన్నయ్యగారు.

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. అరలోంచి పెద్దమ్మాయి డబ్బా తెచ్చి, ఫోన్ ముందు పెట్టి, కూరగాయల కత్తితో టేపు కోశాను. మూడు కవర్లూ విప్పాక మూత తీస్తే నువ్వుల నూనె అంగుళం మందాన తేరి ఉంది. దాని కింద ఎర్రటి పిండిలో టెంకతో సహా కొట్టిన ముక్కలు. ఆవ ఘాటు హాలంతా పాకింది. రైస్ కుక్కర్‌లో వేడన్నం, పక్కన నెయ్యి. అందరికీ వడ్డించాను. పక్కింటి పెద్దాయనకి కూడా ఒక ముక్క వేసి, జాగ్రత్త అని చెప్పాను.

మొదటి ముద్ద నోట్లో ఉండగా ప్యాట్రియట్స్ ఒక టచ్‌డౌన్ కొట్టారు. ఆ తర్వాత సులువుగా వచ్చే ఒక్క పాయింటు కిక్కు కాస్తా గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. 28-9. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. రెండో ముద్దకి 28-12. పెరుగన్నంలోకి వచ్చేసరికి మా క్వార్టర్‌బ్యాక్ మాట్ రయాన్ చేతిలోంచి బంతి ఊడగొట్టేశారు. కాసేపటికి 28-20. హాల్లో నమలడాలు ఆగిపోయాయి.

ఈ ఆటలో గడియారమే సగం ఆట. బంతి పట్టుకుని పరిగెడుతూ మైదానంలోనే పడిపోతే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతి ఎవరికీ అందకుండా కిందపడితే గడియారం ఆగుతుంది. కాబట్టి ముందున్న జట్టు బుద్ధిగా పరిగెత్తి, పడి, లేచి టైము తినెయ్యాలి. మావాళ్ళు విసురుతూనే ఉన్నారు. చివరి ఓవర్లో రెండు పరుగులు చాలు అన్నప్పుడు సిక్సర్ కోసం ముందుకు ఉరికి స్టంపౌటయ్యే బ్యాట్స్‌మన్‌ని చూస్తే మన కడుపు ఎలా తిప్పుతుందో, అచ్చం అలాగే తిప్పింది.

అప్పటికీ దేవుడు ఒక అవకాశం ఇచ్చాడు. అయిదు నిమిషాల లోపే ఉందనగా మా హూలియో జోన్స్ గీత అంచున కాలివేళ్ళ మీద నిలబడి గాల్లోంచి ఒక బంతి పట్టాడు. ప్రత్యర్థి గీతకి 22 గజాల దూరం. అక్కణ్ణుంచి ఒక మామూలు ఫీల్డ్ గోల్, మూడంటే మూడు పాయింట్లు వస్తే ఆట ముగిసినట్టే. మూడుసార్లు నేల మీద కూర్చుని లేచినా సరిపోయేది. మళ్ళీ విసరబోయారు. రయాన్‌ని పట్టి పడేశారు, 12 గజాలు వెనక్కి. తర్వాత మావాడొకడు అవతలివాణ్ణి చొక్కా పట్టుకు లాగాడని ఇంకో పది గజాలు వెనక్కి. అందిన మూడు పాయింట్లు చెయ్యి జారిపోయాయి. నా చూపు తెరిచిన డబ్బా మీదకి పోయింది.

అటుపైన బ్రేడీ తన గీత దగ్గర 9 గజాల నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో వాళ్ళ ఎడెల్మన్ పట్టిన ఆ బంతి గురించి ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడతాను. మా ఆల్ఫర్డే, 82 గజాలు పరిగెత్తిన ఆ ఆల్ఫర్డే, దాన్ని తట్టాడు. బంతి కింద పడుతోంది. ముగ్గురు మావాళ్ళు పైన పడ్డారు. ఆ కాళ్ళూ చేతుల మధ్యలోంచి, నేలకి తగలబోయే బంతి కింద ఎడెల్మన్ వేళ్ళు పెట్టాడు. రీప్లేలో ఎన్నిసార్లు చూసినా వేళ్ళ కిందే నేల ఉంది, బంతి కింద లేదు. పక్కింటి పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆవకాయ వల్లో, ఎడెల్మన్ వల్లో చెప్పడం కష్టం. 57 సెకన్లు మిగిలుండగా టచ్‌డౌన్, దానిమీద రెండు పాయింట్లు. 28-28.

సూపర్ బౌల్‌లో ఓవర్‌టైమ్ అనేది అంతకు ముందెన్నడూ లేదు. మా ఇంటి కోసం మొదటిసారి పెట్టారు. నాణెం ఎగరేస్తే ప్యాట్రియట్స్ బొమ్మ అన్నారు, బొమ్మే పడింది. బంతి ముందు అందుకున్నవాళ్ళు టచ్‌డౌన్ కొట్టేస్తే ఆట అక్కడితో సరి అనేది అప్పటి నిబంధన. (2022లో ప్లేఆఫ్ ఆటలకి దాన్ని మార్చారు. నా ఆవకాయకి మాత్రం పాత తేదీ నుంచి వర్తింపజెయ్యలేదు.) బంతి మావాళ్ళ చేతికి మళ్ళీ రానేలేదు. వాళ్ళ జేమ్స్ వైట్ చివరి రెండు గజాలూ దూరి గీత దాటాడు. 34-28.

పెద్దాయన లేచి, కంచం సింకులో పెట్టి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న తట్టు అది.

పదిన్నరకి బోస్టన్ నుంచి వీడియో కాల్. ఎత్తితే ముందు కనిపించింది అన్నయ్యగారు కాదు, కంచం. కంచంలో పొగలు కక్కుతున్న తెల్లన్నం, మధ్యలో గుంట, గుంటలో నెయ్యి.

"తమ్ముడూ, వదిన అన్నం వండింది. డబ్బాలు ఎప్పుడొస్తాయి?"

ఆ రాత్రి ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న లాంటిదే మా ఆవిడా అడిగింది. "మా అమ్మ నాకు పంపినదాన్ని పందెం కాయడానికి మీరెవరు?" భీష్ముడికే సమాధానం దొరకలేదు, నేనెంత. గిన్నెలు కడిగాను.

మర్నాడు లంచ్ టైములో పోస్టాఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ ఎర్ర టీషర్టు వేసుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టున్న మొహంతో కూర్చుంది. "ఇందులో పగిలేవి, ద్రవాలు, పాడైపోయేవి, ప్రమాదకరమైనవి ఏమైనా ఉన్నాయా?" అని అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది. మామిడికాయ పచ్చడి, నూనె కారకుండా చుట్టాను అన్నాను. ఎక్కడికని చిరునామా చూసింది. మసాచుసెట్స్ అని ఉంది. నా టీషర్టు చూసింది. మళ్ళీ చిరునామా చూసింది. ఇంకేమీ మాట్లాడకుండా ముద్ర కాస్త గట్టిగా గుద్దింది.

జూన్‌లో ప్యాట్రియట్స్ ఆటగాళ్ళకి గెలుపు ఉంగరాలు ఇచ్చారు. ఒక్కో ఉంగరంలో 283 వజ్రాలు. 28, పక్కనే 3. ఆ వార్త చదివి, ఇంత ఎగతాళి మనుషులు ఎలా చేస్తారు అనుకున్నాను.

తర్వాతి వారం ష్రూస్‌బరీ నుంచి చిన్న పార్సిల్ వచ్చింది. లోపల జామ్ సీసా, దాంట్లో ఆవకాయ ముక్కలు. ఒక చీటీ, అన్నయ్యగారి గుండ్రటి దస్తూరీలో: "తమ్ముడూ, డబ్బాల అడుగున మిగిలిన ముక్కలు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి ఉన్నాయి. న్యాయంగా పంచాను."

సీసాలో మూడున్నాయి. వాటిలో రెండింటికి టెంక లేదు.