ఛార్జ్ తీసుకుంటాను, తాళాలెక్కడ?

మొన్న మా ఆఫీసులో ఒక సర్క్యులర్ తిరిగింది. మహిళా ఉద్యోగులు తమ సంపూర్ణ ఆరోగ్యం ఛార్జ్ తామే తీసుకోవాలట. అందుకోసం లంచ్ టైములో గంటసేపు సెషన్, హాజరు తప్పనిసరి. వేళకి తినడం ఎంత ముఖ్యమో తిండి మానేసి వినాలన్నమాట.

ఛార్జ్ అనే మాటని నేను తేలిగ్గా తీసుకునే మనిషిని కాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ సీటు ఛార్జ్ తీసుకున్నా, పాత మనిషి ఫైళ్లు లెక్కపెట్టి ఇచ్చాడు, బీరువా తాళాలు చేతిలో పెట్టాడు, పెండింగ్ ఏముందో జాబితా రాసి సంతకం చేశాడు. మరి నా ఒంటి ఛార్జ్ ఎవరి దగ్గర తీసుకోవాలి? ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుంది? జాబితా ఏది? ఈ డౌట్లన్నీ రాసుకుని, నోట్‌బుక్ పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను.

వచ్చినాయన వెల్‌నెస్ కోచ్. మొహం నిగనిగలాడుతోంది. మొదటి స్లైడులో ఒక అమ్మాయి కొండ మీద నిలబడి, సూర్యుడి వైపు తిరిగి, రెండు చేతులూ చాచి నవ్వుతోంది. ఆ అమ్మాయి మీకూ తెలుసు. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఎక్కడ ఎవరేం రాసినా ఆవిడే ఉంటుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, కొండ దిగదు. చేతిలో సంచీ ఉండదు, చంకలో పిల్ల ఉండదు, అంత ఎత్తెక్కినా జుట్టు చెదరదు. ఇంకా రాలేదేమిటని ఇంటి నుంచి ఒక్క ఫోన్ కూడా రాదు. ఆవిడ ఆరోగ్య రహస్యం ఆ చివరి వాక్యంలోనే ఉందని నా అనుమానం.

“కళ్లు మూసుకోండి. గట్టిగా ఊపిరి తీసుకోండి. ఈ పది నిమిషాలూ పూర్తిగా మీవి” అన్నాడాయన. మూడో ఊపిరికి నా ఫోన్ వణికింది. స్కూలు నుంచో, ఇంట్లో పెద్దావిడకి ఏమన్నా అయిందో అని ఎత్తాను. మా ఆయన.

“కత్తెర ఎక్కడుంది?”

“టీవీ కింద డ్రాయర్లో.”

“లేదే.”

“కుడి పక్క డ్రాయర్ చూడండి.”

“అబ్బే, లేదు... ఆఁ, ఉంది ఉంది. అవునూ, గుసగుసలాడతావేం?”

“రిలాక్స్ అవుతున్నానండీ.”

“మంచిది. అవ్వు, అవ్వు.”

కళ్లు తెరిచి చూస్తే హాల్లో సగం మంది గుసగుసగా రిలాక్స్ అవుతున్నారు. ఒకావిడ స్టవ్ కట్టేశారా అని అడుగుతోంది. ఇంకొకావిడ మామగారి టాబ్లెట్ పేరు అక్షరం అక్షరం విడమర్చి చెబుతోంది.

తర్వాత ఆయన తన దినచర్య చెప్పాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తాడట. గంట ధ్యానం, అరగంట డైరీ, చన్నీళ్ల స్నానం, గంట వ్యాయామం. ఏడున్నరకి కొత్త మనిషై బయటికొస్తాడట. అకౌంట్స్ సెక్షన్లో వచ్చే ఏడాది రిటైరయ్యే మేడమ్ ఒకావిడ ఉన్నారు, అసలు నోరు విప్పని మనిషి. ఆవిడ చెయ్యెత్తారు.

“సర్, ఆ మూడు గంటలూ మీ పిల్లల్ని ఎవరు చూస్తారు?”

ఆయన మొహం వెలిగిపోయింది. “మా మిసెస్! ఆవిడ సపోర్ట్ లేకపోతే నేను జీరో మేడమ్.”

“ఆవిడ ఎన్నింటికి లేస్తారు?”

“నాకంటే ముందే.”

“మరి ఆవిడ వ్యాయామం?”

“తనకి ఇంటి పనే పెద్ద ఎక్సర్‌సైజ్ కదండీ!”

హాలంతా నిశ్శబ్దం. ఆయనొక్కడే నవ్వాడు. మేడమ్ “థాంక్యూ సర్” అని కూర్చుని ఏదో రాసుకున్నారు. లెక్కలు చూసే మనిషి కదా.

ఆ ఒక్క మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఇల్లు ఊడిస్తే నడుముకి, అంట్లు తోమితే భుజాలకి, మెట్లెక్కి బట్టలారేస్తే గుండెకి మంచిదట. ఇంత అద్భుతమైన జిమ్ ఇంట్లో ఉండగా మగవాళ్లు బయట ఫీజు కట్టి ఇనప ముక్కలెత్తడం ఏమిటో! పాపం, మెంబర్‌షిప్ దొరకడం లేదేమో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. ప్రపంచం మొత్తమ్మీద జీతం లేని ఇంటి చాకిరీకి ఆడవాళ్లు రోజుకి సగటున 4 గంటల 25 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు పెడుతున్నారు. కోచ్ గారి సూత్రం నిజమైతే ఈపాటికి ఒలింపిక్ పతకాలన్నీ మా వదినల మెడల్లోనే వేలాడాలి.

న్యాయంగా చెప్పుకోవాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంటి పనిని శారీరక శ్రమ కింద లెక్కేస్తుంది. కానీ వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా కదలాలని, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి బలం వచ్చే వ్యాయామం చేయాలని కూడా చెబుతుంది. ముట్లాగిపోయాక మొదటి కొన్నేళ్లలో ఎముకలు వేగంగా గుల్లబారతాయి. వాటిని నిలబెట్టుకోవాలంటే బరువులెత్తాలి. గరిటె బరువు చాలదు. ఆ గంటలో ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే లంచ్ పోయినందుకు బాధపడేదాన్ని కాదు.

సరే, జాబితా ఎవరూ ఇవ్వలేదు కాబట్టి పాత అధికారుల ఫైళ్లు నేనే తిరగేశాను. మొట్టమొదటి ఛార్జ్ గ్రీకు వైద్యులది. హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాల ప్రకారం గర్భసంచి చోటు వదిలి ఒళ్లంతా తిరుగుతుంది, అందుకే ఆడవాళ్లకి అన్ని జబ్బులు. హిస్టీరియా అనే పేరు గర్భసంచికి గ్రీకులో ఉన్న మాట నుంచే పుట్టింది. ఆ పేరు వైద్య పుస్తకాల్లో వందల ఏళ్లు దర్జాగా బతికింది. ఆడది ఏడ్చినా హిస్టీరియా, ఏడవకపోయినా హిస్టీరియా.

తర్వాతి ఫైలు ఇంకా బాగుంటుంది. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, పిల్లల్ని కనే వయసున్న ఆడవాళ్లని కొత్త మందుల తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లూ వద్దు, పెళ్లి కానివాళ్లూ వద్దు, భర్తకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లూ వద్దు. భార్య మీద మందు పరీక్షించాలా వద్దా అన్నది భర్త ఆపరేషన్ దాకా వెళ్లి ఆలోచించారు చూడండి, ఆ శ్రద్ధకి దండం పెట్టాలి. 1993లో గానీ ఆ నిబంధన ఎత్తేయలేదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర అప్పటికే మార్కెట్లోకి వచ్చేసింది. అది ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, మర్నాడు పొద్దున బండి నడిపేటప్పుడు ప్రమాదమని, వాళ్లకి డోసు సగానికి తగ్గించమని అదే సంస్థ చెప్పింది 2013లో. ఇరవై ఏళ్లు మనం డబుల్ డోసులో పడుకున్నాం. అయినా పొద్దున్నే లేచి పనిలో పడ్డాం, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇకపై నావల్ల కాదు.

నాకొక స్నేహితురాలుంది. పదహారో ఏట నుంచీ నెలకి మూడు రోజులు నేల మీద ముడుచుకుని పడుకునేది. పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయింది. పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. ఒక పిల్ల పుట్టింది. ముగ్గురు డాక్టర్లు మారారు, ముగ్గురూ ఒకే మందు రాశారు: టెన్షన్ తగ్గించుకోండమ్మా. ఒకాయనైతే దాన్ని పక్కన పెట్టి దాని భర్తతో మాట్లాడాడు, ఇంట్లో ఏమైనా గొడవలా అని. ముప్ఫై ఒకటో ఏట నాలుగో డాక్టరు లోపల చూస్తే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు, పేగులదాకా పాకింది. పదిహేనేళ్లు! పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి ఉండే జబ్బు అది, కలిపితే 19 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అదేదో అరుదైన రోగమైనట్టు పదిహేనేళ్లు ఎవరికీ తట్టలేదు. ఛార్జ్ తీసుకోమంటారా దాన్ని? పదహారో ఏటే తీసుకుంది. నొప్పి అని నోరు తెరిచి చెప్పింది. అంతకంటే ఏం తీసుకోవాలి? నమ్మాల్సినవాళ్లు నమ్మకుండా, దాని టెన్షన్ మీద, దాని ఓర్పు మీద, దాని కాపురం మీద పెట్టి తప్పుకున్నారు. ఇప్పుడు వాళ్లే వేదికలెక్కి, అమ్మా మిమ్మల్ని మీరు నిర్లక్ష్యం చేసుకుంటున్నారు అంటుంటే చెప్పు ఎక్కడుందా అని వెతుక్కోవాలనిపిస్తుంది.

ఇక నా సంగతి. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కళ్లు మూతలు. గర్భిణి కాని ఆడదానికి హిమోగ్లోబిన్ 12 గ్రాములకి తగ్గితే రక్తహీనత అని, ప్రపంచం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో దాదాపు 30 శాతానికి అదే ఉందని చదివి, సర్క్యులర్‌ని గౌరవించి రక్తపరీక్షకి వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్ చూసి, “మీ ఇంట్లోవాళ్లందరికీ సార్ నంబరే ఉంది మేడమ్, రిపోర్ట్ దానికే వస్తుంది” అన్నాడు. వెనక లైనుంది. సరేనన్నాను.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు రాత్రి మా ఆయన టీవీలోంచి తల తిప్పకుండా అన్నారు: “అన్నట్టు నీదేదో రిపోర్ట్ వచ్చిందోయ్, చెప్పడం మర్చిపోయాను. హిమోగ్లోబిన్ తొమ్మిదో ఎంతో ఉంది. తొమ్మిదంటే మంచిదేనా?”

“ఆ ఫోన్ ఇలా ఇవ్వండి” అన్నాను.

“ఛార్జ్ లేదు” అన్నారు.