పత్తిచేలో విశ్రమించిన రిప్‌కార్డ్ హ్యాండిల్ గారికి

మహారాజశ్రీ ప్యారాచూట్ తెరిచే రిప్‌కార్డ్ హ్యాండిల్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు మేం విమానం నుంచి దూకి దిగే డ్రాప్ జోన్‌కు తూర్పున ఏ పత్తిమొక్క కిందో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. శనివారం మధ్యాహ్నమంతా తమరి కోసం సాళ్ళ వెంట వంగి వంగి తిరిగాను. పత్తి ఏరే ఎండ తప్పించుకోవడానికే ఇంజనీరింగు చదివి గుంటూరు నుంచి టెక్సాస్ దాకా వచ్చినవాణ్ణి. మా నాన్నకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

తమరు దొరకలేదు. తమరిని పారేసినందుకు బిల్లు మాత్రం దొరికింది.

అయ్యా, నేను చేసిన నేరమేమిటి? 5,500 అడుగుల దగ్గర ఎత్తు చూపే ఆల్టీమీటర్ చూశాను. తెరుస్తున్నానని చేతులు ఊపాను. తమరిని అందుకుని లాగాను. పిన్ను ఊడింది, పెద్ద గుడ్డను బయటికి లాగే చిన్న గొడుగు, అదే స్ప్రింగు పైలట్ చూట్, ఎగిరింది, గుడ్డ మడిచిన సంచి లేచింది, తాళ్ళు సాగాయి, నెత్తిమీద 280 చదరపు అడుగుల గుడ్డ విచ్చుకుంది. గంటకు 120 మైళ్ళ వేగంతో పడుతున్న మనిషి బతికి బట్టకట్టాడు. కాళ్ళు నేలకు ఆనాయో లేదో మొదటి ప్రశ్న: "హ్యాండిల్ ఏది?" పెళ్ళి సవ్యంగా జరిగిందా అని అడక్కుండా అక్షింతల పళ్ళెం ఏదని నిలదీసినట్టు!

లాగాక తమరిని జంప్‌సూట్‌లో దోపుకోవాలట. అప్పుడే గుడ్డ నలుచదరంగా ఉందో లేదో చూడాలి, గుడ్డ ఒక్కసారిగా విచ్చుకోకుండా తాళ్ళ మీద ఆపే స్లైడర్ దిగిందో లేదో చూడాలి, తాళ్ళు మెలిపడితే విప్పాలి, దిశ తిప్పే రెండు టాగిల్స్‌నీ రెండు చేతులతో పట్టాలి. తమరికోసం మూడో చెయ్యి ఎక్కడ అద్దెకిస్తారో కింది నుంచి దారి చెప్పే రేడియోలో ఎవరూ చెప్పలేదు. ఆ రేడియో ఏం చెప్పినా గరగరే అనుకోండి, అది వేరే ఉత్తరం.

గాలి గంటకు 14 మైళ్ళు దాటితే విద్యార్థులు ఎగరకూడదన్న రూలు పుణ్యమా అని పొద్దున్నంతా బెంచీ మీద కూర్చోబెట్టారు. సరే అన్నాను. తమరి స్ప్రింగు మిత్రుడు పైలట్ చూట్ ఒక్కోసారి బయటికొచ్చి కూడా నా వెనకాల గాలి పలచబడ్డ చోట, వీపు మీదే తీరిగ్గా ఊగుతుంటాడు. భుజం దించి సాగనంపాలి. అదీ సరే. ఏది మొదటిసారి చేసినా కేసు బీరు కొనాలన్న ఆచారం ఉందిగా, హ్యాండిల్ పారేయడం కూడా "మొదటిసారే" కాబట్టి కొనమన్నారు. కొన్నాను.

కడుపుమంట వీటిది కాదు. బిల్లు చేతిలో పెడుతూ ఆ ఇన్‌స్ట్రక్టర్ నవ్వి అన్నాడు: "వచ్చే వారం నుంచి నీకు రిప్‌కార్డ్ లేదులే, త్రోఅవుట్."

అంటే వీపు సంచి అడుగున అరలో మడిచి పెట్టిన చిన్న పైలట్ చూట్‌ని లాగి గాలిలోకి విసరాలి. విసిరి వదిలేయాలి! పట్టుకునే ఉంటే అది గాలి అందుకోదు, దాన్ని సంచికి కట్టే పట్టీ, బ్రైడిల్, చేతికి చుట్టుకుంటుంది, ఆ వేగంలో వెయ్యి అడుగులు పడటానికి ఆరు సెకన్లు కూడా పట్టవు.

ఇన్నాళ్ళూ నాకు నేర్పిందేమిటి? లాగు, వదలకు. లాగు, వదలకు. బాత్రూములో అద్దం ముందు లాగాను, ఆఫీసు లిఫ్టులో లాగాను, నిద్రలో లాగి మా ఆవిడ దుప్పటి కింద పడేశాను. పిడికిలి వదిలితే డాలర్లు పోతాయని బిల్లు ఇచ్చి మరీ ఒంటికి పట్టించారు. ఇప్పుడు అదే పిడికిలి వదలకపోతే ప్రాణం పోతుందట! కంగారులో చెయ్యి మొదట నేర్చిందే చేస్తుందని క్లాసులో చెప్పిందీ వీళ్ళే కదా? చేత్తో విసిరే పైలట్ చూట్‌ని ప్యారాచూట్లు తయారుచేసే బిల్ బూత్ 1970ల్లోనే తెచ్చాడు. లైసెన్సున్న వాళ్ళలో అసలు ప్యారాచూట్ (మెయిన్) తెరవడానికి నిన్ను వాడేవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. చాలా స్కూళ్ళు మొదటి జంపు నుంచే త్రోఅవుట్ ఇస్తున్నాయి. మరి రేపు మరిచిపోవాల్సిన నిన్ను నాకెందుకు నేర్పారు? పాత రిగ్గులు (ప్యారాచూట్ సెట్లు) అటక మీద మిగిలాయని కాదూ? సిగ్గుండాలి!

క్షమించాలి, "నువ్వు" అనేశాను. అన్నాను గనక అలాగే ఉండనీ.

నీ మీద కోపం లేదోయ్. తలకిందులుగా దొర్లుతున్నా, భయంతో చెయ్యి కొయ్యబారినా, లాగితే చాలు నీకు. మిగతాది స్ప్రింగే చూసుకునేది. వణికే పిడికిలికి చేతనైంది పట్టుకోవడమే, నువ్వు అడిగిందీ అంతే. లాగిన ప్రతిసారీ ఊడొచ్చావు. ఇండియాలో నేను కొన్న ఏ బకెట్టు హ్యాండిల్ గురించీ ఇంత మెచ్చుకోలుగా చెప్పలేను.

ఇట్లు,
మీ బిల్లు చెల్లించిన విద్యార్థి

తా.క.: రిజర్వ్ (ఆపదకు దాచిన రెండో ప్యారాచూట్) మీద, ఎడమ ఛాతీ దగ్గర, మీ వెండిరంగు తమ్ముడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు, లైసెన్సు వచ్చినా ఆయన పోడట. ఆయన్ని లాగి బతికితే రిజర్వ్ మడిచిన రిగ్గర్‌కు సీసా కొనివ్వడం ఆచారమట. బతికినందుకల్లా మందు పోయించాల్సిన ఆట ఇంకెక్కడైనా ఉందా?