ఓటమి ఒప్పుకోనివాడు

హన్మకొండలో ఇప్పుడు ఏ ఇంట్లో ట్రంప్ పేరెత్తినా మాట వీసా దగ్గరికే పోతుంది. హెచ్-1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లంటూ 2025 సెప్టెంబరులో ఆయన ప్రకటించినప్పుడు, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. కోపం సహజమే. అయితే వీసా ఎవరికివ్వాలన్నది ఆ దేశం ఇష్టం. దానివల్ల మనకు నష్టమే కానీ, అక్కడి ప్రజాస్వామ్యానికి వచ్చిన ముప్పేమీ లేదు. ముప్పు వేరేచోట ఉంది.

2021 జనవరి 2న, అధ్యక్ష ఎన్నికల్లో ఓడిపోయి రెండు నెలలయ్యాక, ట్రంప్ జార్జియాలో ఎన్నికల వ్యవహారాలు చూసే బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కు ఫోన్ చేశారు. తనకు 11,780 ఓట్లు దొరికితే చాలన్నారు. అక్కడ ఓడింది 11,779 ఓట్లతో! ఆ ఓట్లను అప్పటికే చేత్తో మళ్లీ లెక్కపెట్టారు కూడా. రాఫెన్స్‌పర్గర్‌దీ ట్రంప్ పార్టీయే. అయినా మీ దగ్గరున్న లెక్కే తప్పని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు. మరో నాలుగు రోజులకు ట్రంప్ మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి చేశారు.

మన ఎనుమాముల మార్కెట్ యార్డులో కౌంటింగ్ చూసినవారికి ఆ ఫోన్ ఎంత పెద్ద తప్పో వేరే చెప్పక్కర్లేదు. మిర్చి బస్తాలకు అలవాటైన ఆ యార్డులో ఏజెంట్లు జాలీ ఇవతల కూర్చుని, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే 17సీ ఫారం చేతిలో పట్టుకుని, యంత్రం నంబరు దగ్గర్నుంచి ప్రతిదీ సరిచూసుకుంటారు. అరుస్తారు, మళ్లీ లెక్కపెట్టమంటారు. అది వాళ్ల హక్కు. కోర్టుకెక్కడమూ హక్కే. ట్రంప్ పక్షం 60కి పైగా కేసులు వేసింది, దాదాపు అన్నీ ఓడింది. అక్కడితో ఆగి ఉంటే మాకు ఈ సంపాదకీయం రాసే పనే ఉండేది కాదు.

జనం 2024లో మళ్లీ గెలిపించారు కదా అనేవారున్నారు. ఆ గెలుపును మేం కాదనం. ఈ విషయంలో మనకు పాఠాలు చెప్పే అర్హత కూడా తక్కువే. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాది ఇందిరాగాంధీని ఇంటికి పంపితే, మన రాష్ట్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1980లో మెదక్ ఆమెను గెలిపించింది. పత్రికల నోరు నొక్కిన ఆమె కూడా ఓడినప్పుడు మాత్రం దిగిపోయారు. ట్రంప్ తిరిగొచ్చిన తొలిరోజే, 2025 జనవరి 20న, నాటి దాడి కేసుల్లో సుమారు 1,500 మందిని క్షమించేశారు.

2021లో అడ్డుపడ్డవాళ్లు ఆయన పార్టీవాళ్లే. ఓట్ల ధ్రువీకరణను ఆపనని ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ తేల్చి చెప్పారు. ఆ కుర్చీలోకి ఇప్పుడు మనం తెలుగింటి అల్లుడని మురిసిపోయిన జేడీ వాన్స్ వచ్చారు. తానైతే పెన్స్‌లా చేసేవాణ్ని కాదని 2024లోనే టీవీ ఇంటర్వ్యూలో చెప్పారాయన. ఉపాధ్యక్షుడి పాత్ర నామమాత్రమేనని 2022లో చట్టం చేశారు, నిజమే. 2028 ఎన్నికల ఓట్లను లెక్కించే సభకు అధ్యక్షత వహించాల్సింది మాత్రం ఈ అల్లుడుగారే.