చట్టం పేరు చెప్పి ఆధార్ అడిగే మెసేజ్‌ను ఇక పంపకండి

నాలుగు రోజులుగా మా హనుమకొండ కాలనీ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "కొత్త డేటా చట్టం వచ్చింది. గ్రూపులో ఎవరి ఫోటో పెట్టినా 250 కోట్ల జరిమానా. అడ్మిన్‌కు జైలు. మూడు టిక్కులు పడితే ప్రభుత్వం మీ చాట్ చదివినట్టే. ఈ లింకులో ఆధార్ నంబరు నమోదు చేసుకున్నవాళ్లకే రక్షణ." చదువుకున్నవాళ్లే పంపుతున్నారు, అదే నాకు కోపం.

మూడు టిక్కుల కథ ఏళ్లుగా తిరుగుతున్న అబద్ధమే. దాన్ని వదిలేద్దాం. జైలు మాట కూడా అబద్ధమే. ఆ మెసేజ్ చెప్పే "కొత్త డేటా చట్టం" 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అందులో ఉన్నవి డబ్బు జరిమానాలే.

ఇక 250 కోట్లు. మన సమాచారాన్ని జాగ్రత్తగా దాచలేకపోయిన సంస్థలకు వేయగల గరిష్ఠ జరిమానా అది. ఇంటి అవసరాలకు, సొంత పనులకు మనం వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది. చిన్నాయనా, నువ్వు మనవరాలి పుట్టినరోజు ఫోటో పెట్టుకో, ఎవరూ రారు.

అసలు ప్రమాదమంతా ఆ లింకులోనే ఉంది. నిన్న పరకాల నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. అప్పటికే ఆధార్ నంబరు కొట్టేసింది. "ఓటీపీ వచ్చింది బిడ్డా, ఏడ వెయ్యాలె?" అని అడిగింది. నా గుండె జారిపోయింది. ఎక్కడా వెయ్యొద్దని చెప్పి, ఆ పూటే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాను. ఫోన్ చేయకపోయి ఉంటే? మన సమాచారాన్ని కాపాడే చట్టం మన ఆధార్ నంబరే ఎందుకు అడుగుతుంది? ఒక్కరికైనా ఈ అనుమానం రాలేదా? పౌరులు ఎక్కడా నమోదు చేసుకోనక్కర్లేదు, రూపాయి కట్టనక్కర్లేదు. ఇప్పటికే ఓటీపీ ఇచ్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఇంకో ఖాతాకు, ఆ తర్వాత మరో ఖాతాకు పోతుంది.

చట్టంలో ఉన్నది వేరే. 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి. సంస్థల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తేట మాటల్లో చెప్పాలి, అడిగితే తెలుగులో కూడా. ఒప్పుకున్నంత తేలిగ్గా ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకోగలగాలి. నేను ఓ బట్టల షాపులో బిల్లు కోసం నంబరు ఇచ్చాను. వారం తిరగకముందే లోన్ కావాలా అంటూ ఫోన్లు మొదలయ్యాయి. అక్కడి నుంచే పోయిందని నిరూపించలేను. కానీ నా నంబరు ఎవరెవరికి ఇచ్చారో ఆ షాపును అడిగే హక్కు నాకు కావాలి.

"ఈ చట్టంతో మనకు ఒరిగేదేమీ లేదు" అని మెసేజ్ చివర ఒక ముక్క ఉంది. అందులో కొంత నిజముందని ఒప్పుకుంటాను. సంస్థ కట్టే జరిమానా ప్రభుత్వ ఖజానాకే పోతుంది, నష్టపోయిన మనిషికి పైసా రాదు. ప్రభుత్వ శాఖలకు మినహాయింపులు కూడా ఎక్కువే ఇచ్చారు. ఈ చట్టం పేరుతోనే సమాచార హక్కు చట్టాన్ని సవరించి, "వ్యక్తిగత సమాచారం" అనే సాకుతో దరఖాస్తును తిప్పి పంపడం సులువు చేశారు. వీటి మీద మెసేజ్ రాయండి, నేనే పది గ్రూపుల్లో పెడతాను. ఆ లింకున్న మెసేజ్‌ను మాత్రం ఈ పూటే తీసేయండి. ముందు మా కాలనీ గ్రూపులో పెట్టినవాళ్లు.