వెన్ను వంపు ఆపరేషన్: ఎక్స్‌రేలో నిటారుగా కనపడితే సరిపోదు

వెన్నెముక పక్కకు వంగిన పిల్లలకు ఆపరేషన్ అయితే చాలు, ముందు తీసిన ఎక్స్‌రే, తర్వాత తీసిన ఎక్స్‌రే వాట్సాప్‌లో చుట్టాలందరికీ చేరిపోతున్నాయి. ఒకదాంట్లో మెలి తిరిగిన వెన్ను, ఇంకోదాంట్లో రెండు రాడ్లు, రెండు వరుసల స్క్రూలు, దాదాపు నిటారు గీత. చూసినవాళ్లు డాక్టరు గొప్పవాడంటారు. నిజంగానే గొప్పవాడు కావచ్చు. కానీ ఆ బొమ్మ చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. ఆ పాపకు అసలు ఆపరేషన్ అవసరమేనా? ఎన్ని పూసలు కదలకుండా ఒకదానికొకటి అతికించారు, కింద ఎన్నింటిని కదలడానికి వదిలారు? బల్ల మీద ఉన్నంతసేపూ వెన్నుపాము ఎలా ఉందో ఎవరు చూస్తున్నారు? వైద్యం మంచిదో కాదో తేలేది ఇక్కడే. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల తల్లిదండ్రులు వేలూరుకో చెన్నైకో బయల్దేరే ముందు ఈ ప్రశ్నలు తెలుసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, తిరుపతిలోనే ఈ వైద్యం ఒకచోట, ఒక జట్టు చేతిలో కుదురుకోవాలన్నది నా వాదన.

పదేళ్లు దాటాక, ఎదిగే వయసులో, కారణం తేలకుండా వచ్చే వంపు గురించే మాట్లాడుతున్నాను. పుట్టుకతో పూసల్లో తేడా ఉండి వచ్చేది, కండరాల జబ్బుతో వచ్చేది వేరు. వంపును డిగ్రీల్లో కొలుస్తారు. అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో చెప్పిన పద్ధతి కాబట్టి కాబ్ కోణం అంటారు. అది 10 డిగ్రీలకు చేరితేనే స్కోలియోసిస్ అన్నట్టు. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో అంతమాత్రం వంపు ఉంటుంది. 30 డిగ్రీలు దాటేది వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికే, వాళ్లలోనూ ఎక్కువమంది అమ్మాయిలే. స్కూలు బ్యాగు ఒకే భుజానికి తగిలించుకోవడం వల్ల, వంగి కూర్చుని చదవడం వల్ల ఇది రాదు. పాపను తిట్టకండి.

మన దగ్గర అసలు చిక్కు ఆలస్యం. సొంతంగా స్నానం చేసుకునే వయసు, చున్నీ వేసుకునే వయసు వచ్చాక అమ్మకు కూతురి వీపు కనపడదు. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి పాపా చెప్పదు. చాలా ఇళ్లలో మొదట గమనించేది టైలరు. "కొలతలో తప్పు లేదమ్మా, పాప భుజమే ఒక పక్క ఎత్తుగా ఉంది" అంటాడు. అప్పుడైనా వెంటనే ఆసుపత్రికి పోతారా అంటే, రేపు పెళ్లి సంబంధాలు ఎట్లా కుదురుతాయోనన్న భయంతో మాట గడప దాటనివ్వరు. అమ్మాయిలు వేగంగా ఎత్తు పెరిగేది పెద్దమనిషి కావడానికి కాస్త ముందు. వంపు కూడా సరిగ్గా అప్పుడే వేగం అందుకుంటుంది. దాచిపెట్టిన ఆ ఏడాదే బెల్టుతో ఆపగలిగిన ఏడాది.

బెల్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని దాటేసి ఆపరేషన్ గురించి మాట్లాడటం న్యాయం కాదు. ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే, ఒంటికి సరిపోయేలా చేయించిన గట్టి ప్లాస్టిక్ బ్రేస్ వాడాలి. అమెరికా, కెనడాల్లో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. బ్రేస్ వేసుకున్నవాళ్లలో నూటికి 72 మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల ముగిసింది. వేసుకోనివాళ్లలో ఆ సంఖ్య 48. రోజుకు 13 గంటలకు పైగా వేసుకున్న పిల్లల్లో పదికి తొమ్మిదిమంది గట్టెక్కారు. మే నెలలో తిరుపతి ఎండకు ఆ ప్లాస్టిక్ ఒంటి మీద ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఆ 13 గంటల లెక్క మనకు పనికొస్తుంది. బడి నుంచి వచ్చాక, రాత్రి నిద్రలో, లోపల పల్చని నూలు బనీను వేసి కట్టుకుంటే చాలావరకు గంటలు నిండుతాయి. ఈ మాట పాపతో కూర్చుని ఓపికగా చెప్పే మనిషి ఆసుపత్రిలో ఉండాలి. బ్రేస్ చీటీ రాసిచ్చి పంపేస్తే అది బీరువా మీదికి చేరుతుంది.

ఇక ఆపరేషన్ ఎవరికి? ఎదుగుతున్న వయసులో వంపు 45 నుంచి 50 డిగ్రీలు దాటితే సాధారణంగా శస్త్రచికిత్స మాట వస్తుంది. అంత వంపు ఎదుగుదల ఆగాక కూడా ఊరుకోదు. ముఖ్యంగా ఛాతీ భాగంలో 50 దాటినవి ఏడాదికి సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతాయి. నలభై ఏళ్ల వయసులో, గట్టిపడిన వెన్నుతో, పెద్ద ఆపరేషన్ చేయించుకోవడం కంటే పద్నాలుగేళ్లప్పుడు చేయించుకోవడం తేలిక. కారణం ఇది. అంతేగానీ "చేయించకపోతే ఊపిరి ఆడదు, బతకదు" అని భయపెట్టి సంతకం పెట్టించుకోవడం తప్పు. అమెరికాలోని అయోవాలో చికిత్స లేకుండా ఉండిపోయినవాళ్లను యాభై ఏళ్ల తర్వాత చూశారు. నడుం నొప్పి మిగతావాళ్లకంటే ఎక్కువే ఉంది, రూపం గురించిన దిగులూ ఉంది, కానీ ఎక్కువమంది పనులు చేసుకుంటూ అందరిలాగే బతికారు. ఊపిరితిత్తులకు నిజమైన ఇబ్బంది 80, 90 డిగ్రీల వంపుల్లో. 42 డిగ్రీలున్న పాపకు, ఎదుగుదల దాదాపు ముగిసిపోయి ఉంటే, ఆరునెలలకోసారి చూస్తూ ఆగడం కూడా వైద్యమే. ఆగమని చెప్పే డాక్టరుకు ధైర్యం కావాలి, ఆ మాట వినే ఓపిక మనకుండాలి.

కత్తి పెట్టాలని తేలాక అన్నిటికంటే బరువైన నిర్ణయం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అతికించాలన్నది. 1962లో అమెరికా సర్జన్ పాల్ హారింగ్టన్ తన రాడ్ గురించి లోకానికి చెప్పారు. పోలియో వల్ల వెన్ను వంగిపోయిన పిల్లల కోసం ఆయన దాన్ని తయారుచేశారు. పోలియో పిల్లల కాళ్లకు ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకున్న బర్డ్ ఆసుపత్రి ఉన్న తిరుపతికి ఈ చరిత్ర దగ్గరిదే. ఆ రాడ్ వెన్నును రెండు చివరలా పట్టి సాగదీసేది. దాంతో నడుం దగ్గర ఉండాల్సిన సహజమైన లోపలి వంపు పోయి, చాలామంది కొన్నేళ్లకు ముందుకు వాలి నడవాల్సి వచ్చింది. ఇప్పటి స్క్రూలు ఒక్కో పూసనూ విడిగా పట్టుకుంటాయి కాబట్టి పక్క వంపునే కాదు, మెలికను కూడా తిప్పి సరిచేయవచ్చు. పరికరం మెరుగైంది. కానీ ఎంతవరకు అతికించాలో పరికరం చెప్పదు.

పైభాగంలో, పక్కటెముకలున్న చోట, పూసలు అతికిస్తే రోజువారీ కదలికలో పోయేది తక్కువ. నడుంలో కిందికి వెళ్లేకొద్దీ ఒక్కో పూస విలువ పెరుగుతుంది. కింద కూర్చుని భోజనం చేయడం, వంగి ముగ్గు పెట్టడం, కూచిపూడి నేర్చుకుంటున్న పిల్ల అరమండి కూర్చోవడం, వీటికి తుంటి ఎంత అవసరమో అతికించకుండా వదిలిన నడుం పూసలూ అంతే అవసరం. అందుకే మంచి సర్జన్ నిలబెట్టి తీసిన పూర్తి వెన్ను ఎక్స్‌రేతో ఆగడు. అటూ ఇటూ వంగమని కూడా తీయిస్తాడు. రెండు వంపులున్నప్పుడు, వంగగానే కింది వంపు దానంతటది సర్దుకుంటుంటే దాన్ని ముట్టుకోకుండా పైదాన్నే అతికిస్తాడు. అమెరికా సర్జన్ లెంకే 2001లో ఇచ్చిన వంపుల వర్గీకరణ ఉపయోగం ఇదే. అప్పుడు ఎక్స్‌రేలో వెన్ను కొంచెం వంకరగానే మిగులుతుంది, వాట్సాప్‌లో అంత బాగా కనపడదు. కానీ పాప నడుం కదులుతుంది, నాకు అదే గెలుపు. మామూలుగా కుడివైపు ఉండాల్సిన ఛాతీ వంపు ఎడమవైపు ఉన్నా, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్నా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నా ముందు ఎమ్మారై తప్పదు. వెన్నుపాములో ఇంకేదైనా దాగి ఉండొచ్చు.

థియేటర్ లోపలి సంగతి తల్లిదండ్రులు అడగరు, అడగాలి. ఈ ఆపరేషన్‌లో నరాలకు దెబ్బ తగిలే అవకాశం నూటికి ఒకటికంటే తక్కువ, కానీ తగిలితే జీవితం మారిపోతుంది. అందుకని తల దగ్గర ఎలక్ట్రోడ్లు అమర్చి చిన్న కరెంటుతో ప్రేరేపిస్తారు. కాళ్ల కండరాలు పలికే జవాబు తెర మీద అలలుగా వస్తుంది. ఒక మనిషి ఆ తెరనే చూస్తూ కూర్చుంటాడు. రాడ్ తిప్పిన క్షణంలో అల పడిపోతే "ఆగండి" అంటాడు. ఆ ఒక్కమాటకు గది మొత్తం ఆగాలి. మత్తు డాక్టరు బీపీ పెంచుతారు, రక్తం, ఆక్సిజన్, ఒంటి వేడి చూస్తారు. సర్జన్ చివర చేసిన పనిని వెనక్కి తీసుకుంటారు, రాడ్ వదులు చేస్తారు, అనుమానం ఉన్న స్క్రూ తీసేస్తారు. అప్పటికీ అల తిరిగి రాకపోతే మత్తు తగ్గించి "కాళ్లు కదుపు పాపా" అని అడిగే 1973 నాటి పాత పరీక్ష ఉండనే ఉంది. మత్తు వాయువులు ఎక్కువైతే ఈ అలలు అణిగిపోతాయి, కాబట్టి మత్తు కూడా ప్రధానంగా నరంలోకి ఎక్కించే మందులతోనే ఇవ్వాలి. అంటే సర్జన్ ఒక్కడికే చేయి తిరిగితే చాలదు, మత్తు డాక్టరుకు, టెక్నీషియన్‌కు, నర్సుకు కూడా తిరగాలి.

రక్తం విషయంలో మన పిల్లల లోటు తెలిసిందే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత. వీపు పొడవునా కోత పెట్టే ఆపరేషన్‌కు ఆ రక్తంతో వెళ్లకూడదు. నెలన్నర ముందే హిమోగ్లోబిన్ చూసి ఐరన్ మొదలుపెట్టాలి. రక్తస్రావం తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్ చవకైన మందు, ఈ ఆపరేషన్లలో బాగా పనిచేస్తుంది. కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ పడాలి.

తర్వాత నెలలకొద్దీ మంచం మీద పడుకోబెట్టే రోజులు పోయాయి. మర్నాడే కూర్చోబెట్టి నిలబెడతారు, అంతా సవ్యంగా ఉంటే నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఇంటికి రాగానే పెద్దవాళ్లు పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించేస్తారు. పుండు మానడానికి కావాల్సినవి అవే. మన ఊళ్లో ప్రతి తల్లీ అడిగే ప్రశ్న, మొక్కు తీర్చడానికి పాప నడిచి కొండెక్కగలదా అని. ఎముక అతుక్కున్నాక, సర్జన్ సరేనన్నాక, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కవచ్చు.

పూసలు అతికించకుండా తాడుతో వంపు సరిచేసే పద్ధతికి అమెరికా నియంత్రణ సంస్థ 2019లో అనుమతి ఇచ్చింది. ఇంకా ఎదుగుదల మిగిలినవాళ్లకే అది, తాడు తెగి మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం కూడా ఎక్కువే. ప్రకటన చూసి పరుగెత్తాల్సిన పని లేదు.

ఇప్పుడు కుప్పం వాళ్లు బెంగళూరుకు, చిత్తూరు వాళ్లు వేలూరుకు, శ్రీకాళహస్తి వాళ్లు చెన్నైకి పోతున్నారు. పెద్ద కేంద్రాలకు పోవడంలో తప్పేమీ లేదు. కానీ బ్రేస్ సరిచూపించుకోవడానికి, ఆరునెలలకోసారి ఎక్స్‌రేకు అంత దూరం కూలి మానుకుని ఎవరు పోగలరు? మధ్యలో మానేసేది అందుకే. తిరుపతిలో స్విమ్స్, రుయా, బర్డ్ పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి ఆసుపత్రీ ఏడాదికి రెండో మూడో కేసులు చేసే బదులు, అందరూ కలిసి ఒకే వెన్ను జట్టును నిలబెట్టాలి. ఎక్కువ చేసే చేతుల్లోనే ఇబ్బందులు తక్కువ. ప్రభుత్వ ఆరోగ్య పథకం ప్యాకేజీలో రాడ్లు, స్క్రూలతో పాటు నరాలను కనిపెట్టే ఆ యంత్రం, దాని మనిషి ఖర్చు కూడా చేర్చాలి. ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎంతమందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎంతమందికి మళ్లీ చేయాల్సి వచ్చిందో ఏటా జనం ముందు పెట్టాలి. బడిలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఏడాదికోసారి, ఏఎన్ఎం గానీ టీచరమ్మ గానీ అమ్మాయిలను విడిగా గదిలో నిలబెట్టి, కాళ్లు కలిపి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని వెనక నుంచి చూడాలి. పక్కటెముకలు ఒక పక్క ఉబ్బెత్తుగా లేస్తే ఎక్స్‌రేకు పంపాలి. ఒక్కొక్కరికి అర నిమిషం పని.

పెళ్లి గురించి, పిల్లల గురించి అమ్మలు గొంతు తగ్గించి అడుగుతారు. ఈ ఆపరేషన్ అయిన అమ్మాయిలు గర్భం దాల్చవచ్చు, మామూలు కాన్పు కూడా అవుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. కాన్పు సమయంలో నడుంలోకి మత్తు ఇవ్వాల్సి వస్తే, అతికించింది ఎక్కడిదాకానో మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. అందుకని డిశ్చార్జి కాగితంలో ఏ పూస నుంచి ఏ పూస వరకు అతికించారో స్పష్టంగా రాయించుకోండి, దాని ఫొటో తల్లి ఫోన్‌లోనే కాదు, పాప ఫోన్‌లో కూడా ఉంచండి.